పద్మారావు నగర్‌లో మా ఇంటి బొమ్మ

సికింద్రాబాదు స్టేషనులో రైలు దిగి, ఆటో పిలిచి, "పద్మారావు నగర్" అని చెప్పారనుకోండి. ఆటో అబ్బాయి వెనక్కి తిరిగి, "స్కందగిరి దిక్కా, పార్కు దిక్కా?" అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పగలిగినవాళ్ళే మా పేటవాళ్ళని లెక్క. చిలకలగూడ దాటి, నాలుగు మలుపులు తిరిగేసరికి మా వీధి వచ్చేస్తుంది. స్టేషనుకు ఇంత దగ్గరగా వున్న మాట నిజమే గాని, రాత్రివేళ రైలుకూత వినిపించడం మానేసి చాలా కాలమయింది. రైళ్ళు కూయడం మానలేదు. మధ్యన మేడలు లేచాయి.

సికింద్రాబాదు 1806లో మూడవ నిజాము సికందర్ జా పేర వెలిసిన వూరని పిల్లలకు బళ్ళో చెబుతారు. మా పేట మాత్రం నిజాముల పేరుది కాదు. దివాన్ బహదూర్ పద్మారావు మొదలియారు అనే పెద్దమనిషి పేరు మీద యేర్పడింది. ఆ పేరులోనే సగం చరిత్ర వుంది. తమిళులు, తెలుగువారు, మరాఠీవారు, రైల్వేవారు, కంటోన్మెంటు ఉద్యోగులు అంతా కలిసి కాపురాలు పెట్టిన చోటు ఇది. అందుచేతనే గుట్ట మీద స్కందగిరిలో సుబ్రహ్మణ్యస్వామి కొలువయి వున్నాడు. ఆడికృత్తికనాడు కావడులు భుజాన వేసుకొని భక్తులు మెట్లెక్కుతూవుంటే, అరవంలో వొకరు, తెలుగులో వొకరు దారి యివ్వమని కేకలు వేస్తారు. దేవుడికి రెండు భాషలూ వచ్చు గదా!

మా పక్కనే ముషీరాబాదు. అక్కడ నా చిన్నతనంలో జైలు వుండేది. ఇప్పుడా చోట గాంధీ ఆసుపత్రి వుంది. 2003లో అక్కడికి తరలివచ్చింది. 2020లో దాని ముందు మెట్రో స్టేషను కూడా వచ్చింది. జైలు పోయి ఆసుపత్రి వచ్చినందుకు యెవరూ బాధపడలేదు. ఆ మాట నేను తరువాత జ్ఞాపకం చేసుకోవలసి వచ్చింది గనుక ఇక్కడే చెప్పి వుంచుతున్నాను.

ఇంతకూ నేను చెప్పబోయేది వూరి సంగతి కాదు. అరవైనాలుగేళ్ళ వయసులో నేను బొమ్మలు వేయడం నేర్చుకొన్న సంగతి. దాని మూలంగా మా ఇంట్లో జరిగిన సంగతి.

మా మనవరాలికి తొమ్మిదేళ్ళు. వాకర్ టౌన్‌లో మా అమ్మాయి వాళ్ళ ఫ్లాటు. ఆదివారాలు పొద్దున్న ఆ పిల్లను బొమ్మల క్లాసుకు తీసుకుపోయే పని నాది. బడిలో డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరయిన ఒక పెద్దాయన తన మేడ మీద గదిలో పదిమంది పిల్లలకు నేర్పుతూ వుంటారు. నేను ఓ మూల స్టూలు మీద కూర్చుని వారపత్రిక తిరగేస్తూ వుండేదాన్ని. మూడో ఆదివారం నాడు మాస్టారు నా వొళ్ళో ఒక కాగితం, ఒక పెన్సిలూ పెట్టి, "వూరికే కూర్చోవడం యెందుకమ్మా? మీరు కూడా ఆ చెంబు వేయండి" అన్నారు.

బల్ల మీద ఒక ఇత్తడి చెంబు వుంది. ముప్ఫయి యేళ్ళు టెలిఫోను శాఖలో వుద్యోగం చేసినదాన్ని. నలభై యేళ్ళుగా చెంబులు తోమినదాన్ని. చెంబు వేయడం యెంత సేపు! రెండు నిమిషాల్లో వేసి ఇచ్చాను. ఆయన చూచి నవ్వలేదు. "మూతి గుండ్రంగా వేశారు. అడుగు తిన్నగా గీత గీశారు. మీరు చెంబును చూడలేదమ్మా. చెంబు యెలా వుంటుందో మీకు తెలుసు గనుక, తెలిసింది వేశారు. ఇక్కడనుంచి చూస్తే మూతి గుడ్డులాగా వుంటుంది, అడుగు కూడా కొంచెం వంగే కనిపిస్తుంది" అన్నారు. నేను తలవంచి చూస్తే నిజమే. పక్కన మా మనవరాలు వేసిన చెంబు నాకంటె బాగుంది. ఆ పిల్ల మెల్లగా, "అమ్మమ్మా, ముందు చూడాలి, తరువాత గీయాలి" అని నాకు పాఠం చెప్పింది.

అలా నేను శిష్యురాలినయినాను.

నీటిరంగులలో వున్న గమ్మత్తు మీలో వేసినవాళ్ళకు తెలిసే వుంటుంది. అందులో తెలుపు రంగు వాడరు. తెల్లగా వుండవలసిన చోట కాగితాన్ని వదిలేయాలి. అంటే యెక్కడ వెలుగు వుంటుందో ముందుగానే నిర్ణయించుకొని, దాని జోలికి పోకూడదు. నలుపు కూడా వద్దంటారు మా మాస్టారు. నీడ కావలిస్తే అల్ట్రామెరీన్ నీలంలో కాస్త బర్న్‌ట్ సియన్నా గోధుమరంగు కలిపితే, బూడిదకూ నీలానికీ మధ్యన ఒక చల్లని రంగు వస్తుంది. మన యిళ్ళ గోడల మీద సాయంత్రం పడే నీడ అచ్చంగా ఆ రంగే. అరవై యేళ్ళు ఆ నీడల్లోనే తిరిగి, అవి నల్లగా వుంటాయనే అనుకొన్నాను!

పిల్లలు రంగులు ఆరబెట్టుకొంటూవుంటే మాస్టారు కథలు చెప్పేవారు. రాజమండ్రి కళాశాలకు ప్రిన్సిపాలుగా వచ్చిన ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఆంగ్లేయుడు దామెర్ల రామారావుగారిలోని చిత్రకారుణ్ణి గుర్తించి, బొంబాయి జె.జె. స్కూలుకు వెళ్ళే దారి చూపించడం. రామారావుగారు తిరిగివచ్చి రాజమండ్రిలోనే చిత్రకళ నేర్పడం. 1925లో, ఇరవైయెనిమిదేళ్ళయినా నిండకుండా, వెళ్ళిపోవడం. పిల్లలు నోరు తెరుచుకొని వినేవారు. సిద్దిపేటలోనే వుండి బతుకమ్మలను, బోనాలను, పల్లెపడుచులను చిత్రించిన కాపు రాజయ్యగారి సంగతి చెబుతూ, "చేర్యాల నకాషీలు గుడ్డ మీద యెర్ర రంగు పూసి పురాణం వేసేవారు. ఆ యెరుపు ఆయన వదలలేదు. మీ వూరి రంగు యేదో మీరూ వెతుక్కోండి" అనేవారు.

ఒక ఆదివారం మమ్మల్నందరినీ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియానికి తీసుకుపోయి, అజంతా చిత్రాల నకళ్ళు చూపించారు. అజంతా అప్పట్లో నిజాము రాజ్యంలోనిది. 1920లో నిజాము ప్రభుత్వం ఇటలీనుంచి చెక్కోని, ఓర్సినీ అనే ఇద్దరు నిపుణులను రప్పించింది. వారు రెండు శీతకాలాలు శ్రమించి, వూడిపోతున్న గచ్చును గోడకు అతికించారు. అది గొప్ప మేలు. దానితోపాటు బొమ్మలు మెరుస్తూ చిరకాలం వుండాలని లక్కతో చేసిన వార్నీషు కూడా పూశారు. యేళ్ళు గడిచేసరికి ఆ వార్నీషు పచ్చబడి, ముదిరి, అడుగున వున్న రంగులనే మసకబార్చింది. తరువాత తరాలవారు దాన్ని అంగుళం అంగుళం తుడిచి తీయవలసి వచ్చింది.

"వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. బొమ్మ మీద ప్రేమతోనే పూశారు" అన్నారు మాస్టారు. ఆ మాట పిల్లలకు యేమర్థమయిందో గాని, నాకు ఆ రోజున కూడా అర్థం కాలేదు. అర్థం కావడానికి నాలుగు నెలలు పట్టింది.

ఇప్పుడు మా ఇంటి సంగతి చెప్పాలి.

మా నాన్నగారు రైల్వేలో గుమాస్తా. 1964లో రెండువందల యిరవై గజాల స్థలంలో ఇల్లు కట్టారు. రెండేళ్ళకు, 1966లో, దక్షిణ మధ్య రైల్వే యేర్పడి సికింద్రాబాదు దానికి కేంద్రమయినప్పుడు, "చూశారా, నా ఇల్లు కట్టాక రైల్వే నా దగ్గరికే వచ్చింది" అని మురిసిపోయేవారట. ముందు వరండా, సిమెంటు జాలీ, నేలకు షాబాదు బండలు, గేటు పక్కన పారిజాతం, పెరట్లో జామచెట్టు. డాబా మీద నిలబడితే స్కందగిరి గుట్ట, గుడి కనిపించేవి. మేము ముగ్గురం ఆ డాబా మీదే చదువుకొన్నాం, పడుకొన్నాం, కొట్టుకొన్నాం.

నాన్నగారు పోయి యిరవై యేళ్ళు దాటింది. అన్నయ్య బెంగుళూరులో, తమ్ముడు న్యూజెర్సీలో స్థిరపడ్డారు. మావారు పోయాక నేను అమ్మ దగ్గరకు వచ్చేశాను. అమ్మకు యెనభైయారు.

మా వీధిలో పాత ఇళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. మిగిలినవన్నీ అయిదంతస్తుల ఫ్లాట్లయ్యాయి. మాకూ ఒక బిల్డరు కబురు పంపాడు. స్థలం మనది, ఖర్చు అతనిది. పూర్తయిన ఫ్లాట్లలో సగం సగం. అన్నయ్య, తమ్ముడు ఒప్పుకొన్నారు. నేను ఒప్పుకోలేదు. "నాన్న కట్టిన ఇల్లు" అన్నాను. "అమ్మ వుండగా గోడ మీద గునపం పడడానికి వీల్లేదు" అన్నాను. నిజం చెప్పాలంటే అన్నయ్యతో ఆరు నెలలు సరిగా మాట్లాడలేదు కూడా. వదిన ఫోను చేస్తే అమ్మకు యిచ్చేసి అవతలకు పోయేదాన్ని.

సరిగ్గా ఆ రోజుల్లోనే మాస్టారు, "ఈ నెల అందరూ తమ తమ ఇల్లు వేయండి" అన్నారు.

నాకు పండగయింది. ఇంటి బొమ్మ వేసి అన్నదమ్ములకు పంపిస్తే, చూచి వాళ్ళ గుండెలు కరిగి, బిల్డరును పొమ్మంటారని నా ఆశ. మూడు వారాలు కూర్చుని వేశాను. లేతపసుపు గోడలు, జాలీలోనుంచి వరండాలో పడుతున్న ఎండ చుక్కలు, గేటు మీదుగా వాలిన పారిజాతం, పెరటి జామచెట్టు కొమ్మలు, వెనకాల నీలిరంగులో స్కందగిరి గుట్ట, దాని మీద గుడి. నేనే వేశానా అనిపించింది. ఫోనులో ఫొటో తీసి ఇద్దరికీ పంపించాను.

తమ్ముడు, "అద్భుతం అక్కా! ఫ్రేము కట్టించు. కొత్త ఫ్లాటు హాల్లో పెట్టుకుందాం" అని జవాబిచ్చాడు. నాకు వొళ్ళు మండిపోయింది.

ఆదివారం ఆ బొమ్మనే మాస్టారుకు చూపించాను. ఆయన చాలాసేపు చూశారు. "రంగులు చక్కగా పడ్డాయి. తెలుపు వదలడం వచ్చేసింది మీకు" అని, "ఇది యే వేళప్పుడు చూచి వేశారు?" అని అడిగారు.

నాకు అర్థం కాలేదు.

"జాలీ ఎండ చూస్తే పొద్దున్నలా వుంది. పారిజాతం నీడ చూస్తే సాయంత్రంలా వుంది. ఇంతకూ మీ డాబా వెనక గుట్ట ఇప్పుడు కనిపిస్తుందా?"

కనిపించదు. పదిహేనేళ్ళ క్రితమే వెనక వీధిలో అపార్టుమెంటు లేచి గుట్టను మింగేసింది. అంతే కాదు, జామచెట్టు కూడా లేదు. ఒక గాలివానకు పడిపోతే నేనే మనుషులను పిలిపించి కొట్టించాను. అవి లేవని నాకు తెలియక కాదు. వేస్తున్నప్పుడు లేవన్న ఆలోచనే రాలేదు.

"తప్పేమీ లేదమ్మా. ఇది జ్ఞాపకం. జ్ఞాపకానికి కూడా బొమ్మ వేయవచ్చు. ఐతే కింద 'మా ఇల్లు' అని రాశారు. 'నా చిన్నప్పటి మా ఇల్లు' అని రాయండి" అన్నారు. తరువాత, "ఈసారి ఇంటి వెనక వైపు వేయండి. పొద్దున్న యేడు నుంచి యెనిమిది దాకా, మూడు రోజులు, అదే చోట కూర్చుని. కనిపించింది వేయండి; కనిపించనిది వద్దు" అన్నారు.

మధ్యలో ఒక ఆదివారం క్లాసు బన్సీలాల్‌పేట మెట్లబావి దగ్గర జరిగింది. మాకు అది దగ్గరే. చూడనివారు తప్పక చూడవలసిన చోటు. శతాబ్దాలనాటి బావి, రాతి మెట్లు, చుట్టూ స్తంభాలు. అటువంటి బావి దశాబ్దాల తరబడి చెత్తతో పూడి, వీధివాళ్ళు కూడా మరచిపోయే స్థితిలో వుండేది. లారీలకొద్దీ చెత్త యెత్తించి, రాళ్ళు సరిచేసి, 2022 డిసెంబరులో మళ్ళీ ప్రజలకు అప్పగించారు. అడుగున నీళ్ళు చూస్తూవుంటే నాకు మళ్ళీ ఉత్సాహం వచ్చింది. "చూశారా మాస్టారూ! పాతది నిలబెట్టుకోవాలంటే నిలబెట్టుకోవచ్చు" అన్నాను, మా ఇంటి సంగతి మనసులో పెట్టుకొని.

ఆయన తల వూపి, "అవును. ఈ బావిలో నీళ్ళు వున్నాయి గనుక" అన్నారు. అంతకంటె యేమీ అనలేదు.

మరునాడు పొద్దున్న పెరట్లో ముక్కాలిపీట వేసుకొని కూర్చున్నాను.

మా పెరటిని మీకు వర్ణించలేదు; నా మొదటి బొమ్మలో కూడా అది లేదు. పాతకాలపు ఇళ్ళలో లాగానే మాకు స్నానాలగది, దొడ్డి ఇంటిని ఆనుకొని వుండవు. వంటింటి వెనక తలుపు తీసి, మూడు మెట్లు దిగి, నాలుగు గజాలు నడిచి వెళ్ళాలి. ఆ రోజుల్లో అదే మడి, అదే శుభ్రం. ఇప్పుడు ఆ మెట్లు మధ్యలో అరిగి పల్లంగా అయ్యాయి. నల్లా నీళ్ళు కారి పాచిపట్టి వుంటాయి. సన్‌షేడు కింద సిమెంటు పెచ్చులు వూడి ఇనుప చువ్వలు తుప్పుపట్టి కనిపిస్తున్నాయి. పిట్టగోడలో రావిమొక్క మొలిచింది. కొట్టేసినప్పుడల్లా మళ్ళీ వస్తూనే వుంది. దాని వేరు గోడలోకి దిగి, పగులు కిటికీ దాకా వచ్చింది. ఇవన్నీ నేను రోజూ చూస్తున్నవే. కాని పెన్సిలు చాచి, ఒక కన్ను మూసి, కొలిచి గీయవలసి వచ్చేసరికి, పగులు నా మోచేతంత పొడుగుందని తెలిసింది.

మొదటి రోజు గీతలు. రెండో రోజు నీడలు. మూడో రోజు రంగులు.

మూడో రోజు గోడకు రంగు వేస్తున్నాను. పాత సున్నం మాసి వెలిసిన గోడ. లేతగా ఒక పూత వేసి, ఆరాక మరకలు వేయాలి. వెనక తలుపు పక్కన, మెట్ల దగ్గర, గోడ మీద ఒక మరక వుంది. అరచేతికి రెండింతలుంటుంది. జిడ్డుగా, గోధుమరంగులో, అంచులు మెత్తగా కలిసిపోయి వుంది. వాన మరక అయితే పైనుంచి కారాలి, ఇది కారలేదు. తేమ మరక అయితే నేలనుంచి పైకి పాకాలి, ఇది పాకలేదు. నేలకు మూడడుగుల యెత్తున, ఒక్కచోటే వుంది. దానికి దిగువగా, రెండో మెట్టుకు సరిగ్గా, అటువంటిదే మరొకటి. మూడో మెట్టుకు మరొకటి. ఒకదానికంటె ఒకటి కిందకు దిగుతూ వరుసగా మూడు మరకలు.

ఆ రంగు యెలా కలపాలా అని ఆలోచిస్తూ కుంచె నీళ్ళలో ముంచాను. ఇంతలో వెనక తలుపు తెరుచుకుంది. అమ్మ వచ్చింది. చెయ్యి చాచి మొదటి మరక మీద అరచెయ్యి ఆనించింది. కాసేపు ఆగి, ఒక కాలు దించింది. చెయ్యి రెండో మరక మీదకు జారింది. మళ్ళీ ఆగింది. ఊపిరి పీల్చుకొంది. రెండో కాలు. తరువాత మూడో మరక. అంతసేపూ కళ్ళు మూసుకొని వుంది. బహుశా భయం వల్ల అనుకొంటాను. మెట్లు దిగాక కళ్ళు తెరిచి, నన్ను చూచి, "పొద్దున్నే ఈ మంచులో కూర్చున్నావేమే? జలుబు చేస్తుంది" అంది.

నా చేతిలో కుంచె అలాగే వుండిపోయింది.

రోజుకు నాలుగుసార్లు అనుకోండి, అయిదుసార్లు అనుకోండి. రాత్రివేళ కూడా. యెన్నేళ్ళ చేతులు పడితే సున్నం గోడ మీద ఆ జిడ్డు తేరుతుంది? ఆ ఇంట్లో అమ్మతోనే వుంటున్నాను. అమ్మకు వేళకు మందులిస్తున్నాను. నెలనెలా డాక్టరుకు చూపిస్తున్నాను. అమ్మ కోసమే ఇల్లు నిలబెడుతున్నానని అన్నదమ్ములతో పోట్లాడుతున్నాను. ఆ మూడు మరకలు మాత్రం నేను చూడలేదు.

వేయకుండా వదిలేద్దామా అనుకొన్నాను. కనిపించింది వేయమన్నారు గదా. బర్న్‌ట్ సియన్నాలో కొంచెం పసుపు కలిపి, నీళ్ళు యెక్కువ పోసి, మూడు మరకలూ వేశాను.

ఆ సాయంత్రం రెండు బొమ్మలూ తీసుకుపోయి అమ్మ మంచం మీద పెట్టాను. అమ్మ కళ్ళజోడు పెట్టుకొని మొదటిదాన్ని దగ్గరగా చూచి మురిసిపోయింది. "గృహప్రవేశంనాడు ఇలాగే వుండేది. జామచెట్టు అప్పుడే యెక్కడిదే! నువ్వు ఆరో క్లాసులో వుండగా వేశాం" అని తప్పు కూడా పట్టుకొంది. రెండోది చూచి కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "నల్లా కింద గోళెం వేయలేదేం?" అంది.

"అది పగిలిపోయింది గదమ్మా, రెండు నెలలయింది."

"అవును సుమా" అని, ఆ మూడు మరకల మీద వేలు పెట్టి, "ఇవేమిటి? రంగు వొలికిందా?" అని అడిగింది.

చెప్పాను. అమ్మ నవ్వింది. "ఏం చేయనే, పట్టుకోవడానికి మరేమీ లేదు" అంది.

అప్పుడడిగాను. ఆరు నెలలుగా అన్నయ్యతో, తమ్ముడితో, వదినతో, లాయరుతో, ఆఖరికి పక్కింటివాళ్ళతో కూడా మాట్లాడిన విషయం అమ్మను మొదటిసారి అడిగాను. "అమ్మా, ఇల్లు బిల్డరుకు యిస్తే నీకు కష్టంగా వుంటుందా?"

అమ్మ కళ్ళజోడు తీసి మడిచి, కొంగుతో తుడిచింది. "కష్టం కాక యేమిటే? మీ నాన్న యిటిక యిటికకూ నీళ్ళు పెట్టారు. అయినా నన్నెవరూ అడగలేదు గదే. నువ్వు వద్దంటున్నావు గనుక నీకు ఇష్టం లేదు కాబోలునని వూరుకొన్నాను. నీ మనసు కష్టపెట్టడం యెందుకని" అంది. కాస్త ఆగి, గొంతు తగ్గించి, "ఆ కొత్త ఇంట్లో స్నానాలగది పడకగదిలోనే వుంటుందటగా? లిఫ్టు కూడా వుంటుందటగా? మీ వదిన చెప్పింది" అని అడిగింది. అడగకూడనిది అడిగినట్టు వుంది ఆ మొహం.

అజంతాలో వార్నీషు పూసినవారి సంగతి నాకు అప్పుడు అర్థమయింది.

ఆ రాత్రే అన్నయ్యకు ఫోను చేశాను. రెండో బొమ్మ పంపించాను. ఆ మరకలేమిటో చెప్పాను. అన్నయ్య చాలాసేపు పలకలేదు. "పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు నేను కూడా చూడలేదే" అన్నాడు. వాడికి కావలసినది వాడికి దక్కినా, గెలిచినట్టు మాట్లాడలేదు. అందుకు నేను వాడికి రుణపడి వుంటాను.

నేను కొన్ని షరతులు పెట్టాను లెండి. అమ్మకు కింది అంతస్తులో ఫ్లాటు. స్నానాలగదిలో గోడ పొడుగునా పట్టుకోవడానికి కడ్డీ. గడప లేకుండా నేల సమంగా వుండాలి. ఇల్లు కట్టినన్నాళ్ళూ అద్దె ఇల్లు మా పేటలోనే, స్కందగిరి గంట వినపడేంత దూరంలో వుండాలి. ఇవన్నీ కాగితం మీద రాయించాక సంతకం చేశాను. షాబాదు బండలలో పగలనివి వూడదీసి కొత్త ఇంట్లో అమ్మ గది ముందు పరవాలన్నది తమ్ముడి కోరిక. బిల్డరు గొణిగినా ఒప్పుకొన్నాడు.

వచ్చే సంక్రాంతి వెళ్ళాక గునపం పడుతుంది. నాకు దుఃఖం లేదని చెప్పను. రోజూ సాయంత్రం డాబా యెక్కి, గుట్ట వున్న దిక్కుకు తిరిగి, అపార్టుమెంటు గోడను చూచి దిగి వస్తున్నాను. గేటు దగ్గర పారిజాతం కొమ్మ ఒకటి కుండీలో నాటాను. నాలుగు ఆకులు వేసింది. బ్రతుకుతుందని మా మనవరాలు అంటోంది.

ఇంటిని పడగొట్టడమే మంచిదని నేను చెప్పడం లేదు, పాఠకులు పొరబడకండి. మా వీధిలో ఇంకో పాత ఇల్లు వుంది. దాని యజమానులు లోపల గదులు మార్చుకొని, మెట్లు తీసి వాలు కట్టించుకొని, నిక్షేపంగా వున్నారు. వాళ్ళ గోడలో రావివేరు లేదు. బన్సీలాల్‌పేట బావిని తవ్వి నిలబెట్టడం యెంత సరయిన పనో, ముషీరాబాదు జైలు పోయి ఆసుపత్రి రావడం అంత సరయిన పని. యేది నిలపాలో, యేది వదలాలో తెలియాలంటే ముందు ఆ వస్తువు ఎదుట పీట వేసుకొని కూర్చోవాలి. నేను ఆరు నెలలు పోట్లాడాను గాని, మూడు పొద్దులు కూర్చోలేదు.

వియన్నాలో 1897లోనే ఫ్రాంజ్ సిజెక్ అనే ఆయన పిల్లల కోసం ప్రత్యేకంగా చిత్రకళా తరగతి పెట్టాడట. మన దేశంలో కార్టూనిస్టు శంకర్ 1949లో పిల్లల చిత్రలేఖన పోటీలు ఆరంభించారు. బొమ్మలు పిల్లలకు యెందుకు అవసరమో పెద్దలు చాలా చెప్పారు. ముసలివాళ్ళకు యెందుకో యెవరూ చెప్పినట్టు లేదు. మా మనవరాలిని అడిగితే, "అమ్మమ్మా, నీకు చూడడం రాదు గనుక" అంటుంది.

పోయిన ఆదివారం క్లాసులో బొమ్మలన్నీ గోడకు గుచ్చారు. మనవరాలు వాళ్ళ ఫ్లాటు వేసింది: అయిదంతస్తులు, ప్రతి కిటికీలోనూ ఒక మనిషి. నా రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టారు. మొదటిదాని కింద 'నా చిన్నప్పటి మా ఇల్లు' అని రాశాను. రెండోదాని కింద యేం రాయాలో తోచక ఖాళీగా వదిలేశాను. మాస్టారు చూచి, "వదిలేయండి. అక్కడ వెలుగు పడుతుంది" అన్నారు.

బయటకు వచ్చేసరికి స్కందగిరిలో గంట మోగుతోంది. మనవరాలి చెయ్యి పట్టుకొని మెట్లు దిగాను. ఆ మేడమెట్ల గోడ మీద కూడా, నడుమెత్తున, పిల్లల చేతుల మరకలు వున్నాయి. ఇప్పుడు నాకు అవి కనిపిస్తున్నాయి.